పండ్ల యీగల సీసాలు

అరటిగెల ముగ్గిన యింట ఎఱ్ఱని కన్నులుగల చిన్న యీగలు మూగుట సోదరీమణు లెల్లరును చూచినదే. వానిని పారద్రోలుటయే గాని, బుద్ధిపూర్వకముగ సీసాలలో పెట్టి పెంచుట యేమని మా యింటికి వచ్చు పెద్దలు ముక్కుపై వ్రేలిడుకొనుచుందురు. మా యింటివారు పాఠశాలలో పిల్లలకు వంశలక్షణముల పాఠము చెప్పుటకు ఈ సీసాలు కావలెను. వాని పోషణ మాత్రము మా పాలబడినది.

1910లో అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయమున థామస్ హంట్ మోర్గన్ అను పండితుడు వీనిని పాలసీసాలలో పెంచుచు, ఎఱ్ఱకన్నుల గుంపులో నొక తెల్లకన్నుల మగ యీగను కనుగొనెను. దాని సంతతిని లెక్కించి లెక్కించి, లక్షణములు క్రోమోజోములపై నుండునని నిరూపించి, 1933లో నోబెల్ బహుమానమును పొందెను. తెల్లకన్నుల తల్లికిని ఎఱ్ఱకన్నుల తండ్రికిని పుట్టిన కొడుకు లెల్ల తెల్లకన్నులవారు, కూతుండ్రెల్ల ఎఱ్ఱకన్నులవారు. పిల్లలు తామే లెక్కించి చూచిన యీ సంగతిని జన్మలో మఱువరు. కాని మన యరటిపండ్లపై దిరుగు ఎఱ్ఱకన్నుల యీగ యొక్కటి దూది సందున లోపలికి దూరెనా, ఆ తెల్లకన్నుల వంశము కలసిపోవును. తరువాతి లెక్కలన్నియు తప్పులే. అట్టి శుద్ధవంశము బజారున దొరకునది కాదు. మైసూరు విశ్వవిద్యాలయము వంటి చోట్లనుండి తెప్పించుకొనవలసినదే.

ఈ సీసాలు చెడుటకు అశ్రద్ధకంటె పొదుపే ముఖ్యకారణమని మా యభిప్రాయము. వింతగా దోచవచ్చును. గృహిణులమైన మనకు మిగిలినదానిని పారవేయుటకు చేయి రాదు. సీసాలో నింకను ఆహార మున్నది, యీగలును తిరుగుచున్నవి, ఏల పారవేయవలెనని యుంచుదుము. 25 డిగ్రీల వేడిమిలో గ్రుడ్డు యీగ యగుటకు సుమారు 10 దినములు పట్టును. 14వ దినము దాటకుండ క్రొత్త యీగలను క్రొత్త సీసాకు మార్చి, పాతదానిని నెల నిండక మునుపే వదలివేయవలెను. అట్లుగాక యుంచిన సీసాలో కంటికి నలుసువలె గనబడు నల్లిజాతి పురుగులు పుట్టి, గ్రుడ్లను తిని, ప్రక్క సీసాలకును ప్రాకును. బూజును ఆ పాత సీసాలనుండియే వ్యాపించును. పాతదానిలో మరుగునీరు పోసి యీగలను చంపిన పిదపనే పారబోయవలెను. పని చేయునపుడు ముందు క్రొత్త సీసాలను, చివరకు పాతవానిని ముట్టవలెను. మడిబట్ట కట్టుకొని మైలవస్తువును ముట్టనివారికి ఈ వరుస వేఱుగ నేర్పనక్కఱలేదు.

ఆహారము వండుట మన కెఱిగిన పనియే. లీటరు నీటికి బొంబాయిరవ్వ 100 గ్రాములు, బెల్లము 100 గ్రాములు, చైనాగడ్డి 10 గ్రాములు వేసి, అడుగంటకుండ కలియబెట్టుచు ఉడికింపవలెను. దింపిన పిదప, బూజు రాకుండుటకై ప్రయోగశాలలలో ప్రోపియోనిక్ ఆమ్లము 7, 8 మిల్లీలీటర్లు కలుపుదురు. అది చర్మమును కాల్చునది గనుక పిల్లల చేతి కీయరాదు. దానికి బదులు వెనిగర్ కలిపిన బూజు కొంచెము త్వరగా వచ్చును, అంతే. మరుగునీట కడిగి ఆరబెట్టిన సీసాలలో రెండంగుళముల మందమున పోసి, పలుచని గుడ్డ కప్పి, పూర్తిగ చల్లారనీయవలెను. ఆవిరి పట్టిన సీసాలో యీగలు గోడల కంటుకొని చచ్చును. మడచిన శుభ్రమైన కాగితపు ముక్క నొకదానిని గ్రుచ్చిన యెడల తడిని పీల్చును. పురుగులు దానిపై కెక్కి గూడుకట్టుకొనును.

పైన ఈస్టు చిటికెడు చాలును. ఈ యీగపిల్లలు పండుకంటె దానిపై పెరుగు ఈస్టునే ముఖ్యముగ తినును. అట్లని గుప్పెడు చల్లరాదు. ఆహారము పులిసి పొంగి పైకి లేచును. ఆరంభమున ఆడ, మగ కలిసి ఇరువది యీగలైన నుండవలెను. రెండు మూడే వేసిన యెడల, పురుగులు కొలదిగ నుండుటచే ఆహారము కదలక బూజు గెలుచును. మగదాని పొట్ట కొన నల్లగ గుండ్రముగ నుండును. ఆడది పెద్దది, కొన మొనతేలి యుండును.

చీమలు రాకుండ నీళ్లు పోసిన పళ్లెములో పీట వైచి దానిపై సీసాలు పెట్టవలెను. దోమలచుట్ట వెలిగించు గదిలో మాత్ర మొక్క రాత్రియైనను ఉంచరాదు. తెల్లవారునప్పటికి ఒక్కటియు మిగులదు. అరటిపండు నలిపి పెట్టదలచువారు తొక్కపై మందు లుండవచ్చును గనుక కడిగి యొలువవలెను.

అన్నిటికంటె మన వేసవి కష్టము. 30 డిగ్రీలు దాటిన కొలది మగ యీగలు సంతానశక్తిని గోల్పోవును. యీగలు తిరుగుచునే యుండును గాని పురుగులు కానరావు. రెంటచింతల వంటి పొడియెండల యూళ్లలో తడియిసుకపై పెట్టిన మట్టికుండలో సీసాల నుంచి తడిగుడ్డ చుట్టిన చాల చల్లబడును. సముద్రతీరమున గాలియే తడి గనుక ఈ యుపాయము అంతగా ఫలింపదు. అచట ఇంటిలో నెల్ల చల్లని నేలగదియే శరణ్యము. శీతలపు పెట్టెలో పెట్టుట మాత్రము కూడదు; ఆ చలికి యీగలు స్తంభించి క్రమముగ నశించును.

వేసవి సెలవులలో పుట్టింటికి వెళ్లువారు ఒక్కొక్క వంశమును రెండు సీసాలుగ, వారము తేడాతో నుంచి, ఒకదానిని నమ్మకమైన పొరుగమ్మ కప్పగించవలెను. సీసాపై వంశము పేరు, మార్చిన తేది, మరల మార్చవలసిన తేది కాగితమున వ్రాసి యంటింపవలెను. దూది తీయుటకు మునుపు సీసాను మడచిన తువాలుపై మెల్లగ తట్టి యీగలను క్రిందికి దింపవలెనని ఆమెకు ఒక్కమాఱు చేసి చూపుడు.