గోల్ఫ్‌ డ్రైవర్‌: దూరమొక్కటే చూస్తే గురి తప్పుతుంది

నూజివీడు: గోల్ఫ్‌లో ఒక క్రీడాకారుడు గరిష్ఠంగా 14 కర్రలు వెంట ఉంచుకోవచ్చు. వాటిలో డ్రైవర్‌ అన్నింటికన్నా పొడవైనది. దూరపు గుంతలకు తొలి దెబ్బ సాధారణంగా దీనితోనే కొడతారు. పేరున్న సంస్థల కొత్త డ్రైవర్‌ ధర అమెరికాలో 600 డాలర్లు దాటి కూడా పలుకుతోంది. మన లెక్కలో యాభై వేల రూపాయలకు తక్కువ కాదు. ఇంత సొమ్ము పోసి కొనేవారు ముందుగా అడిగేది బంతి ఎంత దూరం పోతుందన్నదే. దెబ్బ సరిగా తగలనప్పుడు బంతి ఎటు పోతుందన్నది అంతకన్నా అవసరమైన ప్రశ్న.

మామిడి కోత కూలీలకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. చిక్కం కట్టిన గడ ఎంత పొడవుంటే అంత పైకొమ్మ అందుతుంది. అయితే పొడవు పెరిగేకొద్దీ కొస ఊగుతుంది. చిక్కంలో పడవలసిన కాయ నేలపాలవుతుంది. డ్రైవర్‌ కాడదీ ఇదే తీరు. పొడవైన కాడ తలను వేగంగా తిప్పుతుంది, కానీ బంతిని తల నడిమధ్య తాకించడం కష్టమవుతుంది. నిబంధనల ప్రకారం 48 అంగుళాల వరకు అనుమతి ఉంది. వృత్తి క్రీడాకారుల పోటీల్లో దీనిని 46 అంగుళాలకు కుదించుకునే వెసులుబాటును నిర్వాహకులకు 2022లో కల్పించారు. దుకాణాల్లో దొరికేవి ఎక్కువగా 45.5 అంగుళాల ప్రాంతంలో ఉంటాయి. మామూలు ఆటగాడు అంగుళం తగ్గించుకుంటే నష్టపోయే దూరం స్వల్పం, పెరిగే అదుపు ఎక్కువ.

తునికి చుట్టం నుంచి టైటానియం దాకా

ఒకప్పుడు డ్రైవర్‌ తలను పర్సిమన్‌ కలపతో చేసేవారు. మన బీడీ ఆకు తునికి చెట్టుకు అది దగ్గరి చుట్టమే. వీణకు పనస కలప ఎంచే నూజివీడు వారికి చెక్క విలువ తెలియనిది కాదు. అయితే గట్టి చెక్క బరువు వల్ల తల చిన్నదిగానే ఉండేది. 1979లో టేలర్‌మేడ్‌ సంస్థ లోహపు తలను మార్కెట్లోకి తెచ్చింది. 1991లో కాలవే వారి బిగ్‌ బెర్తా 190 ఘన సెంటీమీటర్లతో వస్తే అదే పెద్దదనుకున్నారు. బోలుగా ఉండే టైటానియం తలలు వచ్చాక పరిమాణం ఇంకా పెరిగింది. 2004 నుంచి 460 ఘన సెంటీమీటర్లను పరిమితిగా పాటిస్తున్నారు.

పరిమాణం పెరిగినా తల బరువు సుమారు 200 గ్రాములే. ఆ బరువును అంచులకు, వెనుకకు జరిపారు. తాడుపై నడిచేవాడు పొడవాటి కర్ర పట్టుకుంటే ఒరిగిపోడు. బరువు చివరలకు చేరడమే దానికి కారణం. డ్రైవర్‌లోనూ బంతి పక్కకు తగిలినప్పుడు తల మెలితిరగకుండా ఆపేది ఇదే. దీనినే తప్పు కాసే గుణం అనవచ్చు. ఇలా బరువు వెనుకకు జరిపిన తలలు బంతికి కొంత ఎక్కువ సుడి ఇస్తాయి. అందువల్ల గట్టిగా కొట్టేవారికి కొన్ని గజాలు తగ్గవచ్చు.

ప్రకటనలు చెప్పని విషయం మరొకటి ఉంది. ముఖం స్ప్రింగులా బంతిని ఎగదోసే శక్తికీ నిబంధనల్లో హద్దుంది. పెద్ద సంస్థలన్నీ దాదాపు ఆ హద్దు వద్దకు చేరినవే. కనుక నడిమధ్య తగిలిన దెబ్బకు ఒక డ్రైవర్‌కూ మరొక డ్రైవర్‌కూ దూరంలో తేడా స్వల్పమే. తేడా బయటపడేది గురి తప్పిన దెబ్బలోనే.

గురి తప్పడం గొప్పవారికీ తప్పదు. హైదరాబాద్‌ మూలాలున్న అమెరికా క్రీడాకారుడు సాహిత్‌ తీగల 2022 ఫిబ్రవరిలో ఫీనిక్స్‌ ఓపెన్‌ టైటిల్‌కు చేరువైన వేళ, 17వ గుంత వద్ద ఆయన తొలి దెబ్బ నేలపై ఎగిరి నీటిలో పడింది. మూడో స్థానాన్ని పంచుకోవలసి వచ్చింది. తొలి పీజీఏ టూర్‌ టైటిల్‌ 2023 సెప్టెంబరులో ఫోర్టినెట్‌ పోటీలో దక్కింది.

ఇక ముఖపు వాలు. వృత్తి క్రీడాకారులు కర్రను గంటకు సుమారు 185 కిలోమీటర్ల వేగంతో తిప్పుతారు. మామూలు పురుషుల వేగం 150 ప్రాంతంలో ఉంటుంది. వేగం తక్కువైనవారు 9 డిగ్రీల వాలు తీసుకుంటే బంతి తగినంత ఎత్తు లేవక త్వరగా నేలకు దిగుతుంది. 10.5 నుంచి 12 డిగ్రీలు వారికి మేలు. వాలు పెరిగితే పక్కకు వంకరపోవడమూ తగ్గుతుంది. కాడ బిరుసుతనం కూడా వేగాన్ని బట్టే ఎంచుకోవాలి.

అమెరికాలోని కుమారుడు వాడి పక్కన పెట్టిన డ్రైవర్‌ తండ్రికి అందే సందర్భాల్లో చిక్కంతా ఇక్కడే. ముప్పై ఏళ్లవాని బిరుసు కాడ అరవై ఏళ్లవాని చేతికి పొసగదు. అది ఉచితంగా వచ్చినా ఆట చెడుతుంది. కొత్తది కొనేముందు ఆ డ్రైవర్‌నే సరిచేయించుకోవచ్చు. కాడ మార్పించుకుంటే ఖర్చు చాలా తగ్గుతుంది. నేటి డ్రైవర్లు అనేకం మెడ వద్ద మర సడలించి వాలును ఒకటి రెండు డిగ్రీలు మార్చుకునేలా వస్తున్నాయి.

కొనక తప్పకపోతే వేగం, కోణం కొలిచే యంత్రమున్న చోట కనీసం పది బంతులు కొట్టి చూడాలి. ఆ పదింటిలో అతి దూరం పోయినదానిని లెక్కలోంచి తీసివేసి, మిగిలిన తొమ్మిదీ ఎంత వెడల్పున చెదిరాయో చూడాలి. పేరున్న డ్రైవర్లకు నకిలీలూ ఉన్నాయి. సగం ధరకు కొత్తదిస్తామనే చోట క్రమసంఖ్యను తయారీ సంస్థతో సరిచూసుకున్నాకే డబ్బు చెల్లించాలి.