స్ప్రింగు మోస్తుంది, షాకప్ ఆపుతుంది

మా దివిసీమలో సెకండ్ హ్యాండ్ చిన్న కారు కొన్న ప్రతి ఇంట్లో కొన్నాళ్ళకి ఒక మాట వినిపిస్తుంది. "నలుగురు ఎక్కితే వెనక కింద తగుల్తోంది, ఏదన్నా వేయించాలి." ఆ "ఏదన్నా" అంటే ఏంటి, అది వేస్తే కారులో నిజంగా ఏం మారుతుంది అన్నదే ఈ వ్యాసం. నాది సీఎస్ఈ. మెకానికల్ వాళ్ళు నవ్వుకుంటే నవ్వుకోండి, కానీ ఇందులో ఉన్న ఫిజిక్స్ అంతా మనం ఇంటర్ ఫస్టియర్‌లో బట్టీ పట్టిందే.

ముందు మా రోడ్ల సంగతి. కోడూరు నుంచి అవనిగడ్డ వెళ్ళినా, అటు హంసలదీవి, పాలకాయతిప్ప వైపు వెళ్ళినా తారు కింద ఉన్నది కృష్ణ తెచ్చి పోసిన ఒండ్రు, బంకమట్టి. వానకి ఉబ్బుతుంది, ఎండకి బీటలు తీసి కుంగుతుంది. పైన ఎంత బాగా తారు వేసినా కొన్నాళ్ళకి రోడ్డు అలల్లా తయారవుతుంది. నన్నడిగితే గుంత కంటే ఈ అలే ఎక్కువ ఇబ్బంది. గుంత కనబడుతుంది, బ్రేకు వేస్తాం. అల కనబడదు, అదే స్పీడులో ఎక్కేస్తాం. దీనికి తోడు కాలవల మీద కల్వర్టుల దగ్గర ఎత్తు, ఊరూరా ఎవరికి వాళ్ళు పోసుకున్న స్పీడ్ బ్రేకర్లు, కోతలప్పుడు రోడ్డు మీద ఆరబోసిన వడ్లు, వాటికి కాపలా పెట్టిన రాళ్ళు. ఇంకోటి, సముద్రం పక్కనే కాబట్టి ఉప్పుగాలి. అది చేసే పని తర్వాత చెప్తాను.

ఇప్పుడు కారు కిందికి వెళ్దాం. మారుతి ఆల్టో 800 తీసుకోండి, మా వైపు ఎక్కువ కనిపించేది అదే. బరువు సుమారు 700 కిలోలు, గ్రౌండ్ క్లియరెన్స్ 160 మిల్లీమీటర్లు. కంపెనీలు చెప్పే ఈ అంకె సాధారణంగా ఖాళీ కారుది. మనుషులు ఎక్కాక ఎంత మిగులుతుందో బ్రోచర్‌లో ఉండదు. ముందు చక్రాల దగ్గర స్ప్రింగు, షాకప్ ఒకదాంట్లో ఒకటి ఇమిడి ఒకే స్తంభంలా ఉంటాయి. దీన్ని మెక్‌ఫర్సన్ స్ట్రట్ అంటారు. ఎర్ల్ మెక్‌ఫర్సన్ అనే అమెరికన్ ఇంజినీరు 1940ల్లో రూపొందించింది, ఇప్పటికీ చిన్న కార్లన్నిటికీ దాదాపు ఇదే. వెనక మాత్రం రెండు చక్రాల్ని కలుపుతూ ఒక ఇరుసు, దాని మీద స్ప్రింగులు వేరు, షాకప్‌లు వేరు.

(షాక్ అబ్జార్బర్ అని రాయాలి. కానీ మా ఊళ్ళో ఎవరూ అలా అనరు, షాకప్ అనే అంటారు. నేనూ అదే రాస్తాను.)

ఇక్కడే అసలు కన్ఫ్యూజన్. కారు బరువుని షాకప్ మోస్తుందని చాలామంది అనుకుంటారు. మోయదు. మోసేది స్ప్రింగు. షాకప్ అంటే లోపల నూనె, ఆ నూనెలో కదిలే పిస్టను, పిస్టనుకి సన్న దారులు. స్ప్రింగు ఊగుతుంటే ఆ ఊపుని నూనెలో వేడిగా మార్చి చంపేయడమే దాని పని. గ్యాస్ నింపిన షాకప్ కొద్దిగా పైకి నెడుతుంది కానీ అది లెక్కలోకి వచ్చేంత కాదు. ఇక స్ప్రింగుకీ షాకప్‌కీ కాకుండా మూడో జాతి ఒకటుంది, రబ్బరు: బుష్‌లు, పై మౌంటు, బంప్ స్టాపర్. టకటకమని చప్పుడు వస్తే ముందు అనుమానించాల్సింది వీటిని.

అంటే కారు ఎత్తు తగ్గితే స్ప్రింగు కేసు. ఒకసారి ఎగిరాక ఊగుతూనే ఉంటే షాకప్ కేసు. చప్పుడు రబ్బరు కేసు. బగ్ ఏ ఫైల్లో ఉందో చూడకుండా ప్యాచ్ వేస్తే ఏమవుతుందో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు కదా.

మార్కెట్లో దొరికే ప్యాచ్ పేరు బఫర్. గట్టి రబ్బరుతోనో, యూరిథేన్ లాంటి ప్లాస్టిక్‌తోనో చేసిన గుండ్రటి దిమ్మ. స్ప్రింగు రెండు చుట్ల మధ్య సందులో ఇరికిస్తారు. ఏమీ విప్పక్కర్లేదు, అరగంటలో నాలుగూ పెట్టేస్తారు. కారు వెంటనే కాస్త లేస్తుంది, కంటికి కనబడుతుంది. అందుకే దానికి అంత గిరాకీ.

అది లోపల చేసేది ఇదీ. స్ప్రింగు గట్టిదనం దాని చుట్ల సంఖ్యకి విలోమంలో ఉంటుంది. పనిచేసే చుట్లు 6 ఉన్నాయనుకోండి, బఫర్ పెట్టి ఒక చుట్టుని కదలకుండా చేశాం, 5 మిగిలాయి. గట్టిదనం 20 శాతం పెరిగింది. ఇప్పుడు 1678లో రాబర్ట్ హుక్ ప్రచురించిన సూత్రమే: బలం పెరిగిన కొద్దీ నొక్కుడు అదే నిష్పత్తిలో పెరుగుతుంది. లెక్క తేలిగ్గా ఉండటానికి, వెనక ఒక్కో స్ప్రింగు ఒక మిల్లీమీటరు నొక్కుకోడానికి 20 న్యూటన్లు కావాలి అనుకుందాం. మనుషులు, సామాను ఎక్కాక ఒక్కో వెనక స్ప్రింగు మీద 225 కిలోలు, అంటే 2250 న్యూటన్లు. నొక్కుడు 112 మిల్లీమీటర్లు. బఫర్ పెట్టాక 24 న్యూటన్లతో భాగిస్తే 94. తేడా 18 మిల్లీమీటర్లు. రెండు సెంటీమీటర్ల లోపు. కాబట్టి బఫర్ కారుని లేపుతుంది అన్నది అబద్ధం కాదు.

కానీ ఆ 18 మిల్లీమీటర్లు ఊరికే రాలేదు. కారు ఊగే వేగం గట్టిదనం వర్గమూలంతో పెరుగుతుంది. 1.2కి వర్గమూలం తీస్తే దాదాపు 1.1, అంటే పది శాతం దగ్గర్లో ఎక్కువ చురుగ్గా ఊగుతుంది. ప్రతి గతుకూ లోపల కూర్చున్నవాళ్ళకి ఇంకాస్త గట్టిగా తెలుస్తుంది. షాకప్ మాత్రం పాతదే. దాని అదుపు స్ప్రింగుతో పోల్చి చూడాలి. ఆ డ్యాంపింగ్ నిష్పత్తి హారంలో కూడా గట్టిదనం వర్గమూలమే ఉంది, కాబట్టి అది ఇంచుమించు 9 శాతం పడిపోతుంది. అప్పటికే నీరసంగా ఉన్న షాకప్ మీద మరింత పని పడుతుంది. ఇక ఉప్పుగాలి. బఫర్‌కీ ఇనుముకీ మధ్య తడి మట్టి ఇరుక్కుని ఎండదు. అక్కడ పెయింటు రాసుకుపోతుంది, తుప్పు మొదలవుతుంది. తుప్పు పట్టి చిన్న గుంట పడ్డ చోటే స్ప్రింగు విరగడానికి అనువైన చోటు.

మా బాబాయ్ ఆల్టో విషయంలో ఈ లెక్క కాగితం మీద మిగిలిపోలేదు. నడుం ఆపరేషన్ అయిన మా నాయనమ్మని నెలనెలా బందరు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళేది ఆ కారే. వెనక సీట్లో ఆవిడ, పిన్ని, ఇంకొకరు, డిక్కీలో సంచులు. రెండు చోట్ల కచ్చితంగా కింద తగిలేది. తగిలినప్పుడల్లా నాయనమ్మ ఏమీ అనదు, సీటు పట్టుకుని కళ్ళు మూసుకుంటుంది. షెడ్డులో మెకానిక్ "బఫర్లు వేసెయ్యండి సార్, లేస్తుంది" అన్నాడు. బాబాయ్ సరే అనబోతుంటే, ముందు కొలుద్దాం అన్నాను. "కొలిచేదేముందిరా, తగుల్తోందిగా" అన్నాడు కానీ టేపు ఇచ్చాడు.

కొలవడం సులువు. ఖాళీ కారుని చదునైన సిమెంటు నేల మీద పెట్టాలి. చక్రం మధ్య నుంచి పైన రేకు అంచు దాకా నాలుగు మూలలా కొలవాలి. కుడికీ ఎడమకీ బాగా తేడా ఉంటే, లేదా అదే మోడల్ ఇంకో మంచి కారుతో పోలిస్తే తక్కువ ఉంటే స్ప్రింగు అలిసిపోయినట్టు. మా బాబాయ్ కారుకి రెండు వైపులా సమానం, పక్కింటి వాళ్ళ ఆల్టోకీ దీనికీ తేడా లేదు. స్ప్రింగులు బాగానే ఉన్నాయి. రెండో పరీక్ష, డిక్కీ మూలన రెండు చేతులతో గట్టిగా నొక్కి వదిలేయడం. మంచి షాకప్ అయితే పైకి లేచి కుదురుకుంటుంది. ఇది ఎడమవైపు రెండు మూడుసార్లు ఊగింది. కింద పడుకుని చూస్తే ఆ షాకప్ ఒళ్ళంతా నూనె, దాని మీద దుమ్ము అతుక్కుని నల్లటి పూత. బంప్ స్టాపర్ ముక్కలైపోయి ఉంది.

అంటే కారు తగిలేది ఎత్తు తక్కువై కాదు. మొదటి అల ఎక్కి దిగినప్పుడు మొదలైన ఊపు చావకముందే రెండో అల వచ్చేసేది. కిందికి వెళ్తున్న కారు ఇంకా కిందికి వెళ్ళి నేలని తాకేది. బఫర్ పెడితే తగలడం కొంత తగ్గేదేమో, కానీ నాయనమ్మ నడుముకి ప్రతి గతుకూ ఇంకా గట్టిగా తగిలేది. చివరికి వెనక రెండు షాకప్‌లు, స్టాపర్లు, బుష్‌లు విజయవాడ ఆటోనగర్ నుంచి తెప్పించాం.

ఆఫ్టర్ మార్కెట్ అనగానే అందరూ అదేదో మాడిఫికేషన్ అనుకుంటారు. కారు కంపెనీ గేటు దాటాక బయట కొని వేసే ఏ పార్టు అయినా ఆఫ్టర్ మార్కెట్టే. గాబ్రియేల్ లాంటి కంపెనీలు కార్ల కంపెనీలకీ షాకప్‌లు సరఫరా చేస్తాయి, బయట షాపుల్లోనూ అమ్ముతాయి. చూడాల్సింది డబ్బా మీద మోడల్ నంబరు మన కారుదేనా, రాడ్డు నున్నగా మెరుస్తోందా, సీలు దగ్గర నూనె తడి ఉందా అన్నవి. పాతదానికి రంగు వేసి ఇస్తే సాధారణంగా రాడ్డు మీద సన్న గీతలు పట్టిస్తాయి. షాకప్‌లు ఎప్పుడూ జతగా మార్చాలి. ఒకవైపు కొత్తది, ఒకవైపు పాతది ఉంటే మలుపులో కారు రెండు రకాలుగా ప్రవర్తిస్తుంది.

బిగించడంలో వెనకది తేలిక. ముందు చక్రాలకి అడ్డం రాళ్ళు పెట్టి, వెనక జాకీతో లేపి, స్టాండ్ల మీద కూర్చోబెట్టాలి. ఒట్టి జాకీని నమ్మి కిందికి దూరకూడదు. మా వైపు నేల మెత్తన, వాన పడితే జాకీ దిగబడుతుంది, కింద మందపాటి చెక్క వేయాలి. ఇరుసు కింద ఇంకో జాకీ ఆనించాకే షాకప్ బోల్టు విప్పాలి, లేకపోతే ఇరుసు ఒక్కసారిగా జారి బ్రేకు హోసు మీద వేలాడుతుంది. కొత్త షాకప్‌ని వేసేముందు నిలువుగా పట్టుకుని నాలుగైదుసార్లు నెమ్మదిగా నొక్కి లాగాలి, లోపలి గాలి బుడగ పోవడానికి. రాడ్డుని కటింగ్ ప్లేయరుతో పట్టుకోకూడదు. ఒక్క గీత పడితే అది సీలుని కోసేస్తుంది, కొత్త షాకప్ కాస్తా కారడం మొదలవుతుంది.

చాలా షెడ్డుల్లో వదిలేసే స్టెప్పు ఒకటుంది. బుష్ ఉన్న బోల్టుల్ని కారు గాల్లో వేలాడుతుండగా పూర్తిగా బిగించకూడదు. బుష్‌లో రబ్బరు లోపలి గొట్టానికి అతుక్కుని ఉంటుంది. గాల్లో బిగిస్తే అదే దాని సున్నా అవుతుంది. కారు కిందికి దించగానే మెలిపడి, రోజంతా అలాగే మెలిపడి ఉండి, తొందరగా చిరుగుతుంది. వదులుగా పెట్టి, చక్రాలు నేల మీద ఆని బరువు పడ్డాక బిగించాలి. పది నిమిషాలు ఎక్కువ పడుతుంది, అంతే.

ముందు స్ట్రట్ మాత్రం వేరే కథ. దాన్ని కారు నుంచి బయటికి తీశాక కూడా స్ప్రింగు లోపల నొక్కుకునే ఉంటుంది, పైనున్న ఒక్క నట్టు దాన్ని ఆపుతుంది. స్ప్రింగు కంప్రెసర్ రెండు వైపులా పట్టించి, స్ప్రింగు సీటు మీద వదులైందని చేత్తో తిప్పి చూసుకున్నాకే ఆ నట్టు ముట్టుకోవాలి. తాడుతోనో, వైరుతోనో కట్టి నట్టు విప్పడం నేను చూశాను. ఆ స్ప్రింగు జారితే మొహం మీదికే వస్తుంది. ఈ ఒక్క పని యూట్యూబ్ చూసి ఇంట్లో చేయకండి, కంప్రెసర్ ఉన్న షెడ్డుకే ఇవ్వండి. చక్రం వైపు బోల్టులు విప్పేముందు వాటి స్థానం పెయింటుతో గుర్తు పెట్టించండి. ముందు భాగం విప్పారంటే అలైన్‌మెంట్ తప్పనిసరి, లేకపోతే టైరు ఒక అంచున అరిగిపోతుంది.

స్ప్రింగు, షాకప్ ముట్టుకోకుండా టైరు పెద్దది వేస్తే పోలేదా అని హాస్టల్లో ఒకడు అడిగాడు. ఆల్టో టైరు 145/80 ఆర్12, మొత్తం వ్యాసం 537 మిల్లీమీటర్లు. 155/80 వేస్తే 553. పెరిగింది 16, కానీ కారు లేచేది అందులో సగమే, 8. దానికి బదులుగా స్పీడోమీటర్ అసలు వేగం కంటే 3 శాతం తక్కువ చూపిస్తుంది.

చట్టం కూడా ఉంది. మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 52 ప్రకారం కంపెనీ మొదట ఇచ్చిన వివరాలకి, ఆర్‌సీలో ఉన్నదానికి తేడా వచ్చేలా వాహనాన్ని మార్చకూడదు. కేరళ నుంచి వెళ్ళిన కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఎ సెక్షన్‌లో అనుమతి లేని మార్పు ఒక్కోదానికి 5000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అని ఉంది. అరిగిన షాకప్ తీసి అదే రకం కొత్తది వేయడం ఈ గొడవలోకి రాదు. కారుని లేపే, దించే కిట్‌లు కొనేముందు మాత్రం ఇది చదవండి. హైదరాబాద్‌లో కొందరు స్ప్రింగు కోసి మరీ కారు దించుకుంటారు. వాళ్ళని ఒక్కసారి మా కల్వర్టు ఎక్కించాలి.

బాబాయ్ కారుకి షాకప్‌లు మార్చాక మళ్ళీ టేపు పెట్టి కొలిచాం. ఎత్తు ఒక్క మిల్లీమీటరు కూడా మారలేదు. బాబాయ్ కాసేపు నా వైపు అదోలా చూశాడు. బందరు వెళ్ళే దారిలో తగిలే రెండు చోట్లలో ఒకటి ఆగిపోయింది. రెండోది, కాలవ దగ్గర నిటారు స్పీడ్ బ్రేకరు, ఐదుగురు ఎక్కితే ఇప్పటికీ తగుల్తుంది. అక్కడ నాయనమ్మ తప్ప మిగతావాళ్ళు దిగి నడుస్తారు.