గాజుగుడ్డ, గొట్టం, సూది: ప్రాణరక్షణకు సులభ సాధనం

కర్మాగారంలో పైపు అతుకు వద్ద లీకు కనిపిస్తే మనం వాల్వు మూసి, ప్రవాహాన్ని ఆపి, గాస్కెట్ మార్చి, తిరిగి ప్రారంభిస్తాము. మానవ దేహాన్ని అలా ఆపివేయడం సాధ్యం కాదు. అన్నవాహికలోగాని ప్రేగులోగాని వ్యాధి సోకిన భాగాన్ని తొలగించి, మిగిలిన కొసలను కలిపి కుట్టినపుడు, ఆ అతుకు కొందరిలో మానక విడిపోతుంది. లాలాజలం, జీర్ణరసాలు ఛాతీలోనికో ఉదరంలోనికో చేరి చీము పట్టిస్తాయి. ఆ విషం రక్తానికి సోకితే ప్రాణాపాయమే. అప్పటికే నీరసించిన రోగికి మరొక శస్త్రచికిత్స చేయడమూ కష్టమే.

1997లో అమెరికా పరిశోధకులు అర్జెంటా, మోరిక్వాస్ శరీరంపై మానని పుండ్లకు స్పాంజి అమర్చి, ఋణపీడనంతో పీల్చే పద్ధతిని ప్రచురించారు. వారు వాడినది 125 మిల్లీమీటర్ల పాదరస మట్టానికి సమానమైన పీడనం. అదే సూత్రాన్ని ఎండోస్కోపు సాయంతో పురీషనాళపు లీకుకు అన్వయించి, జర్మనీకి చెందిన వైడెన్‌హాగెన్ బృందం 2008లో ఫలితాలను వెల్లడించింది. పీల్పు వలన చెడు ద్రవం బయటకు వస్తుంది, కుహరం కుదించుకుంటుంది, కొత్త కణజాలం పెరుగుతుంది.

అయితే స్పాంజి రంధ్రాలలోనికి కణజాలం చొచ్చుకొని పోతుంది. కనుక కొద్ది రోజులకొకసారి మత్తు ఇచ్చి దానిని మార్చవలసి ఉంటుంది. లావైన స్పాంజిని గొంతు గుండా దింపడమూ సులభం కాదు. ప్రత్యేకంగా తయారైన పరికరం అన్ని ఆసుపత్రులకూ అందుబాటులో ఉండదు.

ఈ చిక్కులకు బ్రెజిల్‌లోని సావోపాలో వైద్యులు డి మౌరా, ఆయన సహచరులు చక్కని ఉపాయం చూపారు. ముక్కు గుండా కడుపులోనికి వేసే మామూలు గొట్టం కొసకు గాజుగుడ్డ చుట్టారు. శస్త్రచికిత్సలో చర్మంపై అంటించే పలుచని ప్లాస్టిక్ పొరను దానిపై కప్పి, దారంతో కట్టి, సూదితో అనేక రంధ్రాలు పొడిచారు. గొట్టపు రెండవ కొసను ఆసుపత్రి గోడకుండే సక్షన్‌కు కలిపారు. పొర అడ్డుగా ఉన్నందున కణజాలం లోనికి చొరబడదు. సాధనాన్ని మార్చవలసిన అవసరం తగ్గుతుంది. ఇందులోని ప్రతి వస్తువూ సాధారణంగా ఆసుపత్రిలో లభించేదే.

సాధనం సులభమైనంత మాత్రాన చికిత్స సులభమని భావించరాదు. పెద్ద రక్తనాళం సమీపంలో ఉంటే తీవ్ర రక్తస్రావం జరగవచ్చు. ఎండోస్కోపీలో ఆరితేరిన వైద్యుడు, అప్రమత్తమైన నర్సింగ్ సిబ్బంది తప్పనిసరి.

యంత్రాలతో నిత్యం పనిచేసే మనకు ఇందులో ఒక సందేశమున్నది. కొత్త భాగాన్ని చేర్చడమే రూపకల్పన కాదు. ఏ భాగం ఏ పని చేస్తున్నదో తెలుసుకొని, ఆ పనిని చేతికందే వస్తువుతో నెరవేర్చడం కూడా రూపకల్పనే. అటువంటి ఆలోచన ఖరీదైన చికిత్సను సామాన్యుని మంచం వరకు చేర్చగలదు.