పికాసా ఆగింది... ఫోటోల్లోని పేర్లు ఎక్కడున్నాయి?

సూరత్ నగరంలో లింబాయత్ వైపు వెళితే మగ్గాల చప్పుడు మధ్య తెలుగు మాటలు వినిపిస్తాయి. తెలంగాణ జిల్లాల నుంచి తరాల క్రితం నేత పని వెతుక్కుంటూ వెళ్లి స్థిరపడిన పద్మశాలీ కుటుంబాలు అక్కడ పెద్ద సంఖ్యలో ఉన్నాయి. వాళ్ల పిల్లల కోసం సూరత్ నగర పాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా బడులు నడుపుతోంది. అలాంటి ఓ ఇంట్లో పాత కంప్యూటర్ ఒకటి ఉందనుకోండి. 2006 ఆగస్టులో తాపీ నది పొంగి నగరంలో ఎక్కువ భాగం మునిగినప్పుడు ఆ ఇంటి ఆల్బమ్‌లు కూడా నానిపోయాయి. ఆరబెట్టగా మిగిలిన ఫోటోలను స్కాన్ చేయించి కంప్యూటర్‌లో పెట్టుకున్నారు. ఆ తర్వాత కొన్నేళ్లకు నానమ్మను పక్కన కూర్చోబెట్టుకుని, పికాసా అనే ప్రోగ్రామ్‌లో ఒక్కో ముఖానికీ పేరు రాశారు. మరకలు చెరిపారు, వెలిసిన రంగులు దిద్దారు.

ఇప్పుడు ఆ కంప్యూటర్ మొరాయిస్తోంది. మనవరాలు కొత్త ల్యాప్‌టాప్ తెచ్చి, ఫోటోలన్నీ ఎంపిక చేసి పెన్‌డ్రైవ్‌లో కాపీ చేసింది. ఫోటోలు వచ్చాయి. పేర్లు రాలేదు. దిద్దిన రంగులూ రాలేదు. తాత పెళ్లి ఫోటో మళ్లీ పసుపు మరకతోనే కనిపిస్తోంది.

ఈ ఇల్లు ఊహే కానీ ఇబ్బంది ఊహ కాదు. లైఫ్‌స్కేప్ అనే చిన్న సంస్థ తయారు చేసిన పికాసాను 2004లో గూగుల్ కొని అందరికీ ఉచితంగా ఇచ్చింది. 2009లో ముఖాలను గుర్తించి పేర్లు పెట్టే సదుపాయం చేర్చింది. 2016 ఫిబ్రవరి 12న ఇక పికాసాను కొనసాగించబోమని ప్రకటించింది. మార్చి నెల మధ్య నుంచి కంప్యూటర్ ప్రోగ్రామ్‌కు మరమ్మతులూ, కొత్త రూపాలూ ఆగిపోయాయి. విచిత్రం ఏమిటంటే, దానికి సరిగ్గా ఏడాది ముందు, 2015 ఫిబ్రవరిలో, గూగుల్‌లోనే ఉపాధ్యక్షుడిగా ఉన్న ఇంటర్నెట్ నిర్మాతల్లో ఒకరైన వింట్ సెర్ఫ్, పాత ఫైళ్లను తెరిచే సాఫ్ట్‌వేర్లు మాయమైతే మన కాలం గురించి భావితరాలకు ఏమీ మిగలదని ఓ శాస్త్రవేత్తల సమావేశంలో హెచ్చరించారు. నిజంగా ముఖ్యమైన ఫోటోలను కాగితం మీద అచ్చు వేసుకోండి అన్నది ఆయన సలహా. వరద చూసిన సూరత్ వాసులకు మాత్రం కాగితాన్ని నమ్మమంటే నవ్వొస్తుంది.

మరి ఆ పేర్లు ఎటు పోయాయి?

ఎటూ పోలేదు. అవి అసలు ఫోటోలో లేనే లేవు. పికాసాలో ఫోటోను కత్తిరించినా, వెలుతురు పెంచినా, అది అసలు ఫైలును ముట్టుకోదు. చేసిన మార్పులను మాటల్లో, ఒక చిన్న పాఠ్య ఫైలులో రాసుకుంటుంది. ప్రతి ఫోల్డర్‌లోనూ ‘డాట్ పికాసా డాట్ ఐఎన్ఐ’ అనే పేరుతో ఈ ఫైలు దాగి ఉంటుంది. తెర మీద ఫోటో చూపించే ప్రతిసారీ పికాసా అందులోని సూచనలు చదివి, అసలు ఫోటోకు అప్పటికప్పుడు అమలు చేసి చూపిస్తుంది. ‘సేవ్’ నొక్కితేనే మార్పులు ఫోటోలోకి ఎక్కుతాయి. అప్పుడు కూడా అసలు ప్రతిని మరో రహస్య ఫోల్డర్‌లో భద్రం చేస్తుంది. అసలును చెడగొట్టని ఈ పద్ధతి మంచిదే. నేటి మేటి సాఫ్ట్‌వేర్లన్నీ దాదాపు ఇలాగే పనిచేస్తాయి. చిక్కల్లా, దాగి ఉన్న ఫైలు మామూలు కాపీలో కంటికి కనిపించదు. ఫోటోలను మాత్రమే ఎంచి కాపీ చేస్తే అది వెనకే ఉండిపోతుంది.

ముఖాల సంగతి ఇంకాస్త ఆసక్తికరం. ఆ ఫైలులో ఒక్కో ముఖం చుట్టూ గీసిన చతురస్రాన్ని 16 అంకెల షోడశాంశ సంఖ్యగా రాస్తారు. షోడశాంశం అంటే 0 నుంచి 9 వరకు అంకెలు, ఆపై ఏ నుంచి ఎఫ్ వరకు ఆంగ్ల అక్షరాలు వాడే 16 గుర్తుల లెక్క. ఆ పదహారింటిని నాలుగేసి చొప్పున విడగొడితే ముఖానికి ఎడమ, పై, కుడి, కింది అంచులు వస్తాయి. ప్రతి భాగాన్నీ 65,536తో భాగించాలి. ఉదాహరణకు మొదటి నాలుగు అంకెలు 4000 అయితే మామూలు లెక్కలో అది 16,384. భాగిస్తే 0.25. అంటే ముఖం ఎడమ అంచు ఫోటో వెడల్పులో పావు వంతు దగ్గర ఉంది. పిక్సెళ్లలో కాకుండా ఇలా వంతుల్లో రాయడం వల్ల ఫోటోను చిన్నది చేసినా చతురస్రం ముఖం మీదే ఉంటుంది. అయితే వేరే ప్రోగ్రామ్‌లో ఫోటో అంచులు కత్తిరిస్తే మాత్రం లెక్క తప్పి, తాత పేరు పక్కనున్న గుమ్మం మీదికి జరుగుతుంది.

చతురస్రం పక్కన ఉండేది పేరు కూడా కాదు, ఓ గుర్తింపు సంఖ్య. ఆ సంఖ్య ఎవరిదో చెప్పే ప్రధాన జాబితా ఫోటోల దగ్గర కాక, కంప్యూటర్‌లో వినియోగదారుడి ఖాతాకు చెందిన ఫోల్డర్‌లో ఉంటుంది. సీ డ్రైవ్ ఫార్మాట్ కొట్టించిన రోజున ఆ జాబితా చెరిగిపోతుంది. కంప్యూటర్ బాగు చేసే అబ్బాయి ‘ఫోటోలు డీ డ్రైవ్‌లో భద్రంగా ఉన్నాయండీ’ అంటే అది నిజమే, కానీ సగం నిజం.

అందుకే పాత కంప్యూటర్ ఇంకా లేస్తుంటే మొదట చేయాల్సింది కొత్త సాఫ్ట్‌వేర్ వెతకడం కాదు. ముందు మొత్తం ఫోల్డర్లను, దాగి ఉన్న ఫైళ్లతో సహా, వేరే డిస్కులోకి ఎత్తాలి. ఆ తర్వాత పికాసాలోనే ఓ పని చేయించుకోవచ్చు. దాని చివరి రూపాల్లో ముఖాల పేర్లను ఫోటో ఫైలులోకే రాసే వీలుంది. అలా రాసేది ఎక్స్ఎంపీ అనే పద్ధతిలో. అడోబ్ సంస్థ 2001లో ప్రవేశపెట్టిన ఈ పద్ధతి 2012లో అంతర్జాతీయ ప్రమాణంగా మారింది. పేర్లు ఒకసారి అందులోకి చేరితే, ఆ ప్రమాణాన్ని పాటించే ఏ ప్రోగ్రామ్ అయినా వాటిని చదవగలదు.

దిద్దిన రంగుల విషయంలో ఇంత సుఖం లేదు. ఒక ప్రోగ్రామ్‌లో ‘కాంట్రాస్ట్ 20’ అంటే మరో దానిలో 20 కాదు. వంటల పుస్తకంలో ‘ఉప్పు తగినంత’ అని రాసినట్టే ఇది. ఆ తగినంత ఎంతో వండిన చేతికే తెలుసు. ప్రతి సాఫ్ట్‌వేర్‌కూ దాని సొంత గణితం ఉంటుంది. కెమెరా రా ఫైళ్లలోనైతే తేడా ఇంకా ముందే మొదలవుతుంది. ఎక్కువ కెమెరాల్లో ఒక్కో పిక్సెల్ ఎరుపు, ఆకుపచ్చ, నీలాల్లో ఒక్క రంగునే నమోదు చేస్తుంది. మిగతా రెండింటినీ పక్క పిక్సెళ్లను బట్టి సాఫ్ట్‌వేరే అంచనా కట్టాలి. ఆ అంచనా సూత్రం ఒక్కో సంస్థది ఒక్కో తీరు. ఆపిల్ సంస్థ 2014లో తన అపర్చర్ సాఫ్ట్‌వేర్‌ను ఆపేస్తున్నట్టు చెప్పినప్పుడు వృత్తి ఫోటోగ్రాఫర్లకు ఎదురైంది ఇదే. వివరాలను, పేర్లను వేరే చోటికి తరలించగలిగారు, ఏళ్ల తరబడి దిద్దిన దిద్దుబాట్లను మాత్రం దిద్దుబాట్లుగా తరలించలేకపోయారు.

కాబట్టి పూర్తయిన ఫోటోను పూర్తయిన రూపంలోనే ఓ ప్రతి తీసి ఉంచాలి. ఏ రూపంలో? 16 బిట్ల టిఫ్ అయితే ఏ వివరమూ పోదు కానీ బరువు ఎక్కువ. 24 మెగాపిక్సెళ్ల ఫోటోకు మూడు రంగులు, రంగుకు రెండు బైట్లు చొప్పున లెక్కిస్తే కుదించకుండా 144 మెగాబైట్లు అవుతుంది. జేపెగ్ కొద్ది మెగాబైట్లతో సరిపెడుతుంది, బదులుగా కొంత వివరం తీసుకుంటుంది.

ఆ తీసుకోవడం వెనుక భారతీయుల చేయి ఉంది. బెంగళూరులో పుట్టిన నాసిర్ అహ్మద్ అమెరికాలో ఆచార్యుడిగా ఉండగా 1972లో ఓ గణిత పద్ధతి మీద పరిశోధనకు నిధులు అడిగారు. ఆలోచన మరీ సులువుగా ఉందంటూ ఆ దరఖాస్తును పక్కన పెట్టారు. ఆయన తన విద్యార్థి నటరాజన్, మిత్రుడు కమిశెట్టి రామమోహనరావులతో కలిసి పని సాగించి 1974లో దాన్ని ప్రచురించారు. అదే డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫామ్. 1992లో వచ్చిన జేపెగ్ ప్రమాణానికి ఇదే గుండెకాయ. ఫోటోను 8 పిక్సెళ్ల పొడవు, 8 పిక్సెళ్ల వెడల్పు గళ్లుగా కోసి, ప్రతి గడిలోని మార్పులను మెల్లగా మారేవీ, చకచకా మారేవీ అని విడదీస్తారు. చకచకా మారే సన్నని వివరాలను కన్ను అంతగా పట్టించుకోదు కనుక వాటిని ముందు తగ్గిస్తారు.

చీరల ఊరికి ఇక్కడే పేచీ. సూరత్ జరీ పనికి భౌగోళిక గుర్తింపు ఉంది. ఆ జరీ అంచు ఫోటోలో సన్నని గీతల గుంపు, అంటే చకచకా మారే వివరమే. జేపెగ్‌ను దిద్ది, సేవ్ చేసి, మళ్లీ తెరిచి దిద్దుతూ పోతే మొదట మసకబారేది అదే. ఎర్ర పూవు అంచు పక్కకు పాకినట్టు కనిపించడం కూడా ఇలాంటిదే. రంగుల వివరాన్ని వెలుగునీడల కన్నా తక్కువ పిక్సెళ్లలో దాచడం వల్ల వచ్చే చిక్కు అది. అసలు ప్రతిని ముట్టుకోని సాఫ్ట్‌వేర్ ఎందుకు కావాలో చీర ఫోటో తీసే స్టూడియో వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు.

ఇక ప్రింటెడ్ చీరల డిజైన్లు గీసే వాళ్ల కథ వేరు. 2013 మేలో అడోబ్ తన సాఫ్ట్‌వేర్లను ఇకపై చందా కట్టేవారికే కొత్తగా అందిస్తామని ప్రకటించడంతో, ఒకసారి కొని ఎప్పటికీ వాడుకునే ఫోటోషాప్‌లలో 2012 నాటి సీఎస్6 చివరిదైంది. డిజైన్ ఫైలులో పూలు, ఆకులు, నేల వేర్వేరు పొరల్లో ఉంటాయి. వాటిని అలా ఉంచితేనే రేపు అదే డిజైన్‌ను ఇంకో రంగుల్లో తీయగలరు. ఆ ఫైలును మరో సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే బొమ్మ అచ్చంగా అలాగే కనిపించవచ్చు, లోపల పొరలన్నీ అతుక్కుపోయి ఉండవచ్చు. తెరుచుకుందా అని చూస్తే చాలదు, పొరలు విడివిడిగా కదులుతున్నాయా అని చూడాలి. అచ్చుకు పనికొచ్చే సీఎంవైకే రంగుల విధానం కూడా అన్నింటిలో లేదు. ఉచితంగా దొరికే వాటిలో క్రిటాలో అది పూర్తిగా ఉంది. జింప్‌లో నేరుగా ఆ విధానంలో పనిచేయడం కుదరదు, ముందే ఎలా కనిపిస్తుందో చూసుకోవడం, చివర్లో మార్చుకోవడం వరకే.

తెలుగువారికి ఇంకో పరీక్ష అదనం. ఫోటో మీద ‘జ్యోత్స్న’ అని రాసి చూడాలి. అక్షరాలకు ఒత్తులు కలిపి కూర్చే భాగం లేని సాఫ్ట్‌వేర్ పొల్లులను, హల్లులను విడగొట్టి పరుస్తుంది. జింప్ ఈ పరీక్షలో నెగ్గుతుంది, ఎందుకంటే అది భారతీయ లిపుల కూర్పు తెలిసిన హార్ఫ్‌బజ్‌ను వాడుతుంది. పేజ్‌మేకర్ రోజుల్లో అను లాంటి ఫాంట్లతో కూర్చిన శుభలేఖలు ఉన్నవారికి ఈ బాధ ముందే తెలుసు. ఆంగ్ల అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు దాచిన ఫాంట్లవి. ఫాంటు లేని యంత్రంలో వధూవరుల పేర్లు అర్థం లేని గుర్తులుగా మారతాయి.

పికాసా ఇంకా తెరుచుకుంటోంది కదా, మార్చడం ఎందుకు అనేవారూ ఉన్నారు. ఐఫోన్లు 2017 నుంచి వాడుతున్న హీక్ ఫోటోలు పికాసాకు తెలియవు. బొమ్మ ఫైళ్లను విప్పి చదివే భాగంలో లోపం ఉంటే ఒక్క ఫోటో తెరిచినా కంప్యూటర్‌కు ప్రమాదమే. 2023లో వెబ్‌పీ బొమ్మలను చదివే భాగంలో అలాంటి లోపం బయటపడితే ప్రధాన బ్రౌజర్లన్నీ హడావిడిగా సరిచేసుకున్నాయి. ఆగిపోయిన సాఫ్ట్‌వేర్‌కు ఆ మరమ్మతు చేసేవారు ఉండరు.

పికాసా చేసిన పనులన్నీ ఒక్కటే చేసిపెట్టే వారసుడి కోసం వెతికితే నిరాశే మిగులుతుంది. పనులను విడదీస్తే దారి దొరుకుతుంది. ఫోటోలను సర్దడానికి, ముఖాలకు పేర్లు పెట్టడానికి డిజికామ్ ఉంది. రెంచి రాజు మొదలుపెట్టిన ఈ ఉచిత సాఫ్ట్‌వేర్ పేర్లను ఫోటోలోకే రాయగలదు. రా ఫైళ్లకు డార్క్‌టేబుల్, రా థెరపీ ఉన్నాయి. మరకలు చెరపడానికి జింప్ చాలు. 2025లో వచ్చిన 3.0 రూపంలో దానికి కూడా అసలును చెడగొట్టకుండా మార్చే పద్ధతి వచ్చింది. డబ్బు పెట్టి కొనేవి ఇంకా నునుపుగా పనిచేస్తాయి, అది ఒప్పుకోవాలి. ఏది తీసుకున్నా ముందు ఓ ఇరవై ఫోటోలతో ఎదురు ప్రయాణం చేయించి చూడటం మేలు. పేర్లు పెట్టి, రంగులు దిద్ది, వాటిని బయటికి తీసి, పూర్తిగా వేరే ప్రోగ్రామ్‌లో తెరవాలి. ఏవి మిగిలాయో అవే ఆ కుటుంబం సొంతం.

లింబాయత్ ఇంట్లో మనవరాలు పాత కంప్యూటర్‌ను మళ్లీ లేపిందనుకోండి. దాగిన ఫైళ్లు దొరికాయి, పేర్లు ఫోటోల్లోకి ఎక్కాయి. తాత పెళ్లి ఫోటోలో వెనుక వరుసలో ఇద్దరికి మాత్రం చతురస్రాలున్నాయి, పేర్లు లేవు. అప్పట్లో వదిలేసినవి.

‘‘నానమ్మా, ఈయనెవరే?’’

కళ్లద్దాలు సర్దుకుని నానమ్మ తెర దగ్గరికి వంగింది. ఎడమవైపు ఆయన సిరిసిల్ల నుంచి వచ్చిన మేనబావ. రెండో ఆయన ముఖం మీద వరద మరక ఉంది. దాన్ని కొంచెం తెల్లగా చేసి చూపించమంది.