మీకు తెలుసా? యూదుల మందిరానికి ముస్లింల సంరక్షణ

కోల్‌కతాలోని యూదుల ప్రార్థనా మందిరాలను తరతరాలుగా కనిపెట్టుకుని ఉంటున్నది ముస్లిం కుటుంబాలే! 1798లో సిరియాలోని అలెప్పో నుంచి వచ్చిన వ్యాపారి షాలోమ్ కోహెన్‌తో ఇక్కడ యూదుల కథ మొదలైంది. ఒకప్పుడు వేలల్లో ఉన్నవాళ్లు ఇప్పుడు కొద్దిమందే మిగిలారు. అయినా 1884 నాటి మాగెన్ డేవిడ్ మందిరంలో గళ్ల పాలరాతి నేల నేటికీ తళతళలాడుతోంది.

అంతకన్నా ముచ్చటైన సంగతి పార్క్ స్ట్రీట్‌లో ఉంది. 1881లో పెట్టిన యూదు బాలికల పాఠశాలలో ఇప్పుడు చదివేవారిలో అత్యధికులు ముస్లిం అమ్మాయిలు. వాళ్ల యూనిఫాం మీద యూదుల చిహ్నమైన దావీదు నక్షత్రం!

ఇక క్రిస్మస్ వస్తే, 1902లో యూదు కుటుంబం ప్రారంభించిన నహూమ్స్ బేకరీ ముందు ఫ్రూట్ కేకు కోసం అన్ని మతాలవాళ్లూ బారులు తీరతారు. ఆ బేకరీ ఉన్న న్యూ మార్కెట్‌కు వెళితే తప్పక రుచి చూడండి.