ముందు నకలు, తరువాత మరమ్మతు

కుటుంబ ఛాయాచిత్రాలున్న హార్డ్‌డిస్క్‌ను తగిలించిన ప్రతిసారీ మా ఇంటి కంప్యూటర్ హఠాత్తుగా ఆరిపోయి రీస్టార్ట్ అయ్యేది. ఏళ్ళనాటి జ్ఞాపకాలన్నీ పోయినట్లేనని కలతచెందాము.

ముందుగా ఆ డిస్క్‌ను మరో కంప్యూటర్‌కు తగిలించి, చిత్రాలన్నిటికీ నకలు తీసుకున్నాము. ఆ తరువాతే పరీక్షకు పూనుకున్నాము. ముందువైపు యూఎస్‌బీ పోర్టులో పెన్‌డ్రైవ్ పెట్టినా కంప్యూటర్ ఆరిపోయింది. వెనుకవైపు పోర్టులో హార్డ్‌డిస్క్ సైతం చక్కగా పనిచేసింది. కనుక దోషం డిస్క్‌ది కాదు. టార్చి వెలుగులో చూడగా, ముందు పోర్టులో ఒక పిన్ను వంగి ఉంది. ఏది దూర్చినా అది లోహపు తొడుగును తాకి, 5 వోల్టుల సరఫరా షార్ట్ అవుతోంది. ఆ పోర్టు వాడకం మానివేశాము, సమస్య తీరింది.

వెనుక పోర్టులలోనూ ఇలాగే జరిగితే ఎస్‌ఎంపీఎస్ బలహీనపడిందేమో చూపించాలి. యూఎస్‌బీ 2.0 పోర్టు 500, 3.0 పోర్టు 900 మిల్లీఆంపియర్ల విద్యుత్తు ఇవ్వగలగాలి. ఒకే ఒక పరికరంతో ఈ ఇబ్బంది వస్తుంటే ఆ పరికరాన్ని, దాని కేబుల్‌ను, డ్రైవర్‌ను అనుమానించాలి.

పాఠకులకు మా మనవి ఒక్కటే: పరీక్ష పేరిట డిస్క్‌ను పదేపదే తగిలించకండి. డేటా రాస్తుండగా కరెంటు తెగితే ఫైళ్ళు చెడిపోవచ్చు. యంత్రాన్ని మళ్ళీ కొనుక్కోవచ్చు. గడిచిన రోజుల చిత్రాలను కొనలేము.