మూల నలిగిన కార్డు

ఆన్‌లైన్‌లో అమ్మిన కార్డు మీద కొన్నవాళ్లు పేచీ పెడితే...

పోకెమాన్ కార్డు పొడవు 88 మిల్లీమీటర్లు, వెడల్పు 63. బరువు రెండు గ్రాములు కూడా తూగదు. అయినా దాని నాలుగు మూలల్లో ఏ ఒక్కటి కాస్త తెల్లబడినా ధర సగానికి పడిపోవచ్చు. ఆ తెల్లమచ్చ అమ్మేనాటికే ఉందా, పార్సిల్లో నలిగి వచ్చిందా, కొన్నవాడి చేతిలో పడిందా? ఆన్‌లైన్‌లో కార్డులు అమ్మేవాళ్లకూ కొనేవాళ్లకూ మధ్య తగాదా ఎక్కువగా ఈ ప్రశ్న దగ్గరే మొదలవుతుంది.

ఒకప్పుడు మన ఊళ్లలో కార్డులంటే బిగ్‌ఫన్ బబుల్‌గమ్‌తో వచ్చే క్రికెటర్ల బొమ్మలు, ఆ తర్వాత కుస్తీ వీరుల ట్రంప్ కార్డులు. బడి వరండాలో ఎదురెదురుగా కూర్చుని మార్చుకునేవాళ్లు. కార్డు బాగోలేకపోతే తీసుకునేవాళ్లు కాదు, అంతటితో సరి. ఇప్పుడు చంద్రగిరిలో ఉన్న కుర్రాడు ఫోనులో ఫొటో పెడితే గువాహటిలో ఉన్న మనిషి కొంటాడు. సరుకు చేతికి అందకముందే డబ్బు చేతులు మారుతుంది. ఇక్కడ అమ్ముడుపోయేది నిజానికి కార్డు కాదు, దాని గురించి మనం చెప్పిన మాట. తగాదా వస్తే నిలబడాల్సిందీ ఆ మాటే.

పెద్ద పెద్దవాళ్లు కూడా ఇక్కడే దెబ్బతిన్నారు. అమెరికాలో 1909–11 మధ్య సిగరెట్ పెట్టెలతో వచ్చిన హోనస్ వాగ్నర్ బేస్‌బాల్ కార్డు ఒకటి ఉంది. 1991లో హాకీ ఆటగాడు వేన్ గ్రెట్జ్‌కీ, అతని జట్టు యజమాని బ్రూస్ మెక్‌నాల్ కలిసి దాన్ని 4,51,000 డాలర్లకు వేలంలో పాడుకున్నారు. కార్డుల నాణ్యతకు అంకెలు వేసే పీఎస్ఏ సంస్థ మొట్టమొదట అంకె వేసింది ఆ కార్డుకే, పదికి ఎనిమిది. అంచులు అంత సూటిగా ఎలా ఉన్నాయని కొందరు అప్పట్నుంచే అనుమానపడుతూ వచ్చారు. చివరికి దొంగపాటలతో ధరలు పెంచిన కేసులో 2013లో నేరం ఒప్పుకున్న వేలం వ్యాపారి బిల్ మాస్ట్రో, ఆ కార్డు అంచులు కత్తిరించింది తానేనని కూడా అంగీకరించాడు. 2015లో అతనికి 20 నెలల జైలు శిక్ష పడింది. 2021 డిసెంబరులో లోగన్ పాల్ అనే యూట్యూబరు 35 లక్షల డాలర్లు పోసి పోకెమాన్ తొలి ముద్రణ పెట్టెలు కొన్నాడు. నిపుణులు అసలువేనని చెప్పినవే అవి. విప్పి చూస్తే లోపల పోకెమాన్ బదులు జీఐ జో కార్డులున్నాయి. అంకె, నిపుణుల మాట ఉన్నంత మాత్రాన కొన్నవాడి అనుమానాన్ని కొట్టిపారేయకూడదని ఈ రెండూ చెబుతున్నాయి.

తగవు తీర్చే యంత్రాంగం కూడా కార్డులు, బొమ్మలు, పాత సామాను అమ్మిన చోటే పెరిగింది. పియర్ ఒమిడ్యార్ 1995లో మొదలుపెట్టిన వేలం సైటు తర్వాత ఈబే అయింది. 1996లోనే అందులో కొన్నవాళ్లూ అమ్మినవాళ్లూ ఒకరి గురించి ఒకరు అభిప్రాయం రాసే ఏర్పాటు వచ్చింది. 1999లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయానికి చెందిన ఈథన్ కాట్ష్ బృందం ఈబే తగాదాలకు ఆన్‌లైన్‌లోనే మధ్యవర్తిత్వం నడిపి చూసింది. ఆ పద్ధతి పెరిగి పెరిగి ఏటా 6 కోట్ల తగాదాలు తీర్చే స్థాయికి చేరిందంటారు. మన దేశంలో మాత్రం ఈబే ఇండియా 2018 ఆగస్టులో మూతపడింది. ఇప్పుడు ఈ అమ్మకాల్లో చాలావరకు ఇన్‌స్టాగ్రామ్ పేజీల్లో, వాట్సాప్, టెలిగ్రామ్ గ్రూపుల్లో సాగుతున్నాయి. అక్కడ డబ్బు నేరుగా యూపీఐలో వెళ్లిపోతుంది, మధ్యలో ఆపి ఉంచేవాళ్లుండరు. గ్రూపు అడ్మిన్ మాట వింటే విన్నట్టు, లేకపోతే లేదు. అందుకే చంద్రగిరిలాంటి ఊరి నుంచి అమ్మేవాళ్లు తమ జాగ్రత్తలో తాము ఉండక తప్పదు.

ఆ జాగ్రత్త అమ్మకానికి ముందే మొదలవ్వాలి. కార్డును ముందూ వెనకా, నాలుగు మూలలూ దగ్గర నుంచి, పగటి వెలుతురులో ఫొటో తీయాలి. ఫిల్టర్లు వద్దు. మెరుపు కార్డయితే ఏటవాలుగా పట్టుకుని చిన్న వీడియో తీస్తేనే గీతలు కనబడతాయి. ‘కొత్తదానిలా ఉంది’ అన్న మాటకు ఒక్కొక్కరు ఒక్కో అర్థం చెప్పుకుంటారు. ‘వెనక కింది ఎడమ మూల కొద్దిగా తెల్లబడింది’ అన్న మాటను ఎవరూ మార్చి చెప్పలేరు. అది రాస్తే ధర తగ్గుతుందని భయపడతారు గానీ, రాయకపోతే పోయేది అంతకంటే ఎక్కువ. కార్డును ప్లాస్టిక్ తొడుగులో, దాన్ని గట్టి ప్లాస్టిక్ పలకలో, ఆ పలకను రెండు అట్టల మధ్య పెట్టాలి. ఫొటోల్లో ఉన్నది అదే కార్డని చూపడం నుంచి కవరులో పెట్టి అతికించే దాకా అంతా ఒకే వీడియోలో తీయాలి. స్పీడ్ పోస్టు రసీదు మీద బరువు ఉంటుంది కనుక దాన్ని పారేయకూడదు. 2025 సెప్టెంబరు 1 నుంచి రిజిస్టర్డ్ పోస్టు కూడా స్పీడ్ పోస్టులోనే కలిసిపోయింది.

ఇంత చేసినా పేచీ రావచ్చు, అది కూడా ఎవరి తప్పూ లేకుండానే. మెరుపు కార్డుల సంగతే చూడండి. వాటిలో ఒక పొర మెరుపు రేకు, మిగతాది కాగితం. కాగితం గాలిలో తేమను పీలుస్తుంది, రేకు పీల్చదు. వేసవిలో చంద్రగిరి పొడి వేడిలో పలకలా సాపుగా ఉన్న కార్డు, చెన్నై ఉక్కపోతలోకి వెళ్లేసరికి వంగిపోవచ్చు. కొన్నవాడు ‘వంగిన కార్డు అంటగట్టావు’ అంటాడు, అమ్మినవాడు ‘నువ్వే పాడుచేశావు’ అంటాడు. ఇద్దరూ నిజమే చెబుతున్నామనుకుంటారు.

ఆ సమయంలో అమ్మినవాడు రాసే మొదటి సమాధానం మీద చాలా ఆధారపడి ఉంటుంది. ‘అన్నా, మీ మెసేజ్ చూశాను. కార్డు ఫొటోలు, కవరు ఫొటో, తెరిచేటప్పుడు వీడియో తీసి ఉంటే అదీ పంపండి. నేను పంపేటప్పుడు తీసిన వీడియో ఇక్కడ పెడుతున్నాను. రెండూ చూసుకుని రేపు సాయంత్రంలోపు చెబుతాను.’ ఇంతకు మించి అప్పుడు అక్కర్లేదు. దొంగ అనే మాట ఎవరి నోటా రాకూడదు, ఎందుకంటే ఆ మాట వచ్చాక డబ్బు వెనక్కిచ్చినా తగాదా ఆగదు. మాటలు ఫోనులో కాకుండా రాతలోనే సాగాలి. గ్రూపులో పది మంది ముందు వాదించుకోవడం కంటే విడిగా మాట్లాడుకోవడం ఇద్దరికీ గౌరవం.

ఆధారాలు చూశాక తప్పు మనదని తేలితే బేరమాడకూడదు. పూర్తి డబ్బు, తిరుగు పోస్టు ఖర్చుతో సహా ఇచ్చేయాలి. కొద్దిపాటి లోపమై, కొన్నవాడికి కార్డు ఉంచుకోవాలనే ఉంటే ధరలో కొంత తగ్గించి సర్దుబాటు చేసుకోవచ్చు. నకిలీ అని ఆరోపణ వస్తే టార్చి వెలుతురులో చూడమనాలి. అసలు కార్డు మధ్యలో నల్లని పొర ఉంటుంది, చాలా నకిలీల్లో వెలుతురు తేలిగ్గా దూరిపోతుంది. ఇది తొలి పరీక్షే, తుది తీర్పు కాదు. కార్డు వెనక్కి వచ్చాకే డబ్బు ఇస్తామని ముందే చెప్పాలి. మంచి కార్డు ఉంచుకుని నలిగినది తిప్పి పంపేవాళ్లూ ఉన్నారు. మెరుపు చుక్కల అమరిక, ముద్రణలో అంచుల తేడా ఒక్కో కార్డుకు ఒక్కోలా ఉంటాయి, పాత ఫొటోలతో పోల్చితే తెలిసిపోతుంది. ‘డబ్బు వేస్తాను, ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టు’ అని ఎవరైనా అంటే అక్కడే ఆగాలి. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. మోసపోయామని తెలిసిన వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

చంద్రగిరి వాళ్లకు ఇంకో మాట చెప్పాలి. కార్డుల పేజీల్లోనే పాత నాణేలూ కనిపిస్తుంటాయి. చంద్రగిరి కోట నుంచి ఏలిన రెండవ వెంకటపతి రాయలు వేంకటేశ్వరుడి రూపంతో బంగారు వరహాలు వేయించాడు. అలాంటిది పొలంలో దొరికినా, తాతల పెట్టెలో బయటపడినా, కార్డులా ఫొటో తీసి అమ్మకానికి పెట్టకూడదు. నూరేళ్లు దాటిన నాణెం 1972 పురావస్తువుల చట్టం కిందికి వస్తుంది, వాటి వ్యాపారానికి లైసెన్సు కావాలి. నేలలో దొరికిన 10 రూపాయలకు మించిన విలువైన నిధి సంగతి కలెక్టరుకు తెలపాలని 1878 నాటి చట్టం చెబుతోంది.

కార్డుల విషయానికి వస్తే, వర్ణన చెప్పి అమ్మిన సరుకు ఆ వర్ణనకు సరిపోవాలని 1930 వస్తు విక్రయ చట్టం 15వ సెక్షను ఎప్పుడో చెప్పింది. 2020 ఈ-కామర్స్ నిబంధనలు అప్పుడప్పుడూ తన సొంత వస్తువు అమ్ముకునే వ్యక్తికి వర్తించవు. క్రమం తప్పకుండా వ్యాపారంగా అమ్మితే వర్తిస్తాయి. అమ్మకం వేదికలు తమకు ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. అది కుదరకపోతే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్ ఉంది, ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. 5 లక్షల లోపు సరుకుకు అక్కడ ఫీజు లేదు, వివాదం పుట్టిన రెండేళ్లలోగా వెళ్లాలి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కొన్నవాళ్లు తాము ఉండే చోటే ఫిర్యాదు చేసుకోవచ్చు. చంద్రగిరిలో ఉండి కొన్నవాళ్లు తిరుపతిలోనే వేసుకోవచ్చు, చంద్రగిరి నుంచి అమ్మినవాళ్లకు గువాహటి నుంచీ నోటీసు రావచ్చు. మళ్లీ అమ్ముకుని లాభం తీయడానికి కొన్న వ్యాపారిని మాత్రం చట్టం మామూలుగా వినియోగదారుగా చూడదు.

నోటీసు వస్తే దూరమని ఊరుకోకూడదు. జవాబుకు 30 రోజులు, అడిగితే ఇంకో 15. అంతకు మించి గడువు ఇచ్చే అధికారం కమిషన్‌కు లేదని 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. ఫొటోలు, పార్సిల్ వీడియో, పోస్టు రసీదు, మొదటి సమాధానం నుంచి చివరి మెసేజ్ దాకా అన్నీ ఆ గడువులోనే పంపాలి.